చూడటానికి, వాడటానికి: డిజైన్‌లో అందం, ఉపయోగం

1990లో రెండు వంటింటి వస్తువులు బజారులోకి వచ్చాయి. ఒకటి, ఇటలీలో అలెస్సీ కంపెనీ తయారుచేసిన ‘జ్యూసీ సాలిఫ్’ అనే నిమ్మరసం తీసే సాధనం. ఫ్రెంచి డిజైనర్ ఫిలిప్ స్టార్క్ దీన్ని రూపొందించాడు. మెరిసే అల్యూమినియం పోత, గాడులు తీసిన కోసు తల, దాని కింద మూడు పొడుగాటి సన్నని కాళ్లు. రెండోది, అమెరికాలో ఆక్సో సంస్థ ‘గుడ్ గ్రిప్స్’ పేరుతో అమ్మిన కూరగాయల పీలర్. వంటసామాను వ్యాపారం నుంచి విరమించుకున్న శామ్ ఫార్బర్ భార్య బెట్సీకి కీళ్లవాతం ఉండేది. సన్నటి లోహపు పిడి ఉన్న పీలర్ పట్టుకోవడం ఆమెకు కష్టమయ్యేది. లావుపాటి, మెత్తని నల్లరబ్బరు పిడి పుట్టింది ఆ ఇబ్బంది నుంచే. న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ సంస్థ బొటనవేలూ చూపుడువేలూ ఆనే చోట పిడికి రెండు వైపులా పలుచని రబ్బరు రెక్కలు తీసింది. చేయి తడిగా ఉన్నా పట్టు జారదు. వేలు ఎక్కడ పెట్టాలో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

జ్యూసీ సాలిఫ్ సంగతి వేరు. నిమ్మచెక్కను దాని తల మీద పెట్టి తిప్పితే రసం గాడుల వెంట జారి కింది గ్లాసులో పడుతుంది. గింజలను ఆపే జల్లెడ లేదు కాబట్టి గింజలూ పడతాయి. పదేళ్లు నిండిన సందర్భంగా బంగారు పూతతో 10,000 ప్రతులు విడుదల చేసినప్పుడు, పులుపు తగిలితే పూత పాడవుతుందని తయారీదారులే హెచ్చరించారు. అంటే నిమ్మకాయ పిండకూడని నిమ్మకాయ పిండే సాధనం. అయినా దాన్ని జనం కొన్నారు, ఇప్పటికీ కొంటున్నారు. వస్తువుల వాడుక గురించి దశాబ్దాలుగా రాసిన అమెరికన్ శాస్త్రవేత్త డోనాల్డ్ నార్మన్ కూడా బంగారు పూత ప్రతిని కొని ఇంట్లో అందరికీ కనబడేలా పెట్టుకున్నానని 2004లో తన ‘ఎమోషనల్ డిజైన్’ పుస్తకంలో రాశాడు. 1988లో వాడుకకు పనికిరాని తలుపుల్నీ కుళాయిల్నీ పొయ్యిల్నీ ఏకిపారేసిన రచయిత ఆయనే.

నార్మన్ మాట మార్చాడనుకోనక్కర్లేదు. ఇష్టపడి కొని అలమరలో పెట్టుకునే వస్తువు వేరు, తప్పించుకునే వీలులేని వస్తువు వేరు. నిమ్మకాయ పిండడానికి మరో సాధనం దొరుకుతుంది. కానీ రైల్వేస్టేషన్‌కు దారితీసే మెట్లు, నడుపుతున్న కారులో అద్దం తుడిచే మీట, పోలింగ్ బూత్‌లోని బొత్తాం, రేషన్ దరఖాస్తు ఫారం మనల్ని అడిగి ఎదురుపడవు. ఏ వస్తువులో సొగసుకు ఎంత చోటివ్వాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. వాడేవారికి కాదనే స్వేచ్ఛ ఎంత తక్కువైతే, ఉపయోగానికి పెట్టాల్సిన పరీక్ష అంత కఠినంగా ఉండాలి.

పాత వాదం

ఈ చర్చకు రెండువేల ఏళ్లు నిండాయి. కట్టడానికి దృఢత్వం, ప్రయోజనం, సొగసు మూడూ కావాలని క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రువియస్ రాశాడు. 1896లో అమెరికన్ వాస్తుశిల్పి లూయీ సలివన్ ఎత్తయిన ఆఫీసు భవనాల గురించి రాస్తూ, రూపం ఎప్పుడూ పనిని అనుసరించే వస్తుందన్నాడు. 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలై 1933లో నాజీల ఒత్తిడికి మూతపడిన బౌహౌస్ పాఠశాల చేతిపనినీ కళనూ కర్మాగారాన్నీ ఒక్కచోటికి తెచ్చింది. ఆ దారిలోనే 1955లో బ్రౌన్ కంపెనీలో చేరిన డీటర్ రామ్స్ రేడియోలు, గడియారాలు, క్యాలిక్యులేటర్ల మీదున్న అనవసరపు అలంకారాన్ని ఒలిచేశాడు. డీట్రిష్ లూబ్స్‌తో కలిసి ఆయన 1987లో రూపొందించిన ఈటీ66 క్యాలిక్యులేటర్‌లో బొత్తాలు గుండ్రంగా, పైకి ఉబ్బి ఉంటాయి. వేలికొస తగలగానే బొత్తాం నడిబొడ్డు ఎక్కడో తెలిసిపోతుంది. ఆపిల్ తొలి ఐఫోన్‌లోని క్యాలిక్యులేటర్ రూపం దీని నుంచే వచ్చింది. అయితే చదునైన గాజు మీదికి వచ్చేసరికి ఆ ఉబ్బు మాయమై బొమ్మ మాత్రమే మిగిలింది.

రామ్స్ పేరు చెప్పుకుని తరువాతి తరం చేసిన పొరపాటు ఇందులోనే కనబడుతుంది. సాదాగా కనిపించేది, సులువుగా వాడగలిగేది ఒకటేనని చాలామంది నమ్మారు. రామ్స్ తీసేసింది పనికి అక్కర్లేని నగిషీని. ఆయన్ని అనుకరించినవారు చాలాసార్లు పనికి కావాల్సిన గుర్తుల్నే తీసేశారు.

మన దేశంలో ఈ విషయం మీద వచ్చిన అతి విలువైన రచన ఒక ప్రభుత్వ నివేదిక. భారత ప్రభుత్వం ఆహ్వానం మీద వచ్చి దేశమంతా తిరిగిన అమెరికన్ దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ 1958లో దాన్ని రాసిచ్చారు. దేశంలో తాము చూసిన వస్తువులన్నింటిలోకీ గొప్పదిగా వాళ్లు ఎంచింది చెంబును. అలాంటి పాత్రను ఈరోజు కొత్తగా చేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసగా రాసుకుంటూ పోయారు: నీళ్లు ఎన్ని పట్టాలి, మోసేది చేతితోనా నడుము మీదా తల మీదా, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎక్కడ నిలుస్తుంది, ఒంపితే ధార ఎలా పడుతుంది, తోమడానికి మూతి చాలుతుందా, వేడి చేతికి ఎంత తగులుతుంది, తడితే ఎలా మోగుతుంది, ఎంతకు దొరుకుతుంది, పాడైపోయాక ఆ లోహానికి ఎంత వస్తుంది, ఒకరికి కానుకగా ఇస్తే ఎలా ఉంటుంది.

ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబును ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే ఆ ప్రశ్నలన్నింటికీ జవాబులు కనబడతాయి. పొట్ట గుండ్రంగా ఉండటం వల్ల అరచెయ్యి నిండుగా ఆనుతుంది. మెడ సన్నబడిన చోట వేళ్లు చుట్టుకుంటాయి. అంచు బయటికి వంగి ఉండటంతో సబ్బుచేత్తో పట్టుకున్నా కిందికి జారిపోదు. ఒంపేటప్పుడు ధార చెదరకుండా చూసేదీ ఆ అంచే. బావి దగ్గర తాడు కట్టుకోవడానికి పనికొచ్చేదీ ఆ మెడే. దాని అందం ఈ పనుల మీద పూసిన పూత కాదు, పనులు ఒకదానితో ఒకటి కుదురుకోవడం వల్ల ఏర్పడిన ఆకారం. దాన్ని ఏ ఒక్కరూ గీయలేదని, తరాల తరబడి వాడినవాళ్లు దిద్దుకుంటూ వచ్చారని ఈమ్స్ దంపతులు రాశారు. ఆ నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌కూ అలాంటి సంస్థ వచ్చింది.

నచ్చితే సులువనిపిస్తుంది

అందం కేవలం పైమెరుగు అని కొట్టిపారేయడానికీ వీల్లేదని ఒక ప్రయోగం చూపించింది. 1995లో జపాన్‌లో హిటాచీ డిజైన్ కేంద్రానికి చెందిన మసాకీ కురోసు, కావోరి కషిమురా ఏటీఎం తెర అమరికలు 26 రకాలుగా తయారుచేసి 252 మందికి చూపించారు. ఏది అందంగా ఉంది, ఏది వాడటానికి సులువుగా కనిపిస్తోంది అని అడిగారు. అందంగా ఉన్నవే సులువుగానూ ఉంటాయని జనం అనుకున్నారు. నిజంగా ఏది సులువు అన్నదానికి ఈ అభిప్రాయంతో సంబంధం అంతంతమాత్రమే.

ఇజ్రాయెల్ పరిశోధకుడు నోమ్ ట్రాక్టిన్‌స్కీకి ఈ ఫలితం మీద నమ్మకం కుదరలేదు. జపాన్‌లో సౌందర్యానికి ఇచ్చే విలువ వల్ల ఇలా వచ్చి ఉంటుందని, తన దేశంలో అదే ప్రయోగం చేస్తే సంబంధం సన్నగిల్లుతుందని అనుకున్నాడు. 1997లో అచ్చయిన ఆయన ఫలితాల్లో ఆ సంబంధం ఇంకా బలంగా తేలింది. 2000లో మరో ప్రయోగంలో జనం యంత్రాన్ని నిజంగా వాడిన తరువాత కూడా అందమైనదే సులువన్నారు.

దీన్నిబట్టి రెండు మాటలు చెప్పుకోవాలి. అందమైన వస్తువు దగ్గర మనిషికి ఓపిక ఎక్కువ. చిన్నచిన్న చిక్కులొచ్చినా విసుక్కోడు, ఇంకోసారి ప్రయత్నిస్తాడు. ఇది డిజైనర్‌కు దక్కే పెద్ద వరం. రెండోది ప్రమాదం: ప్రదర్శనలో, ప్రకటనలో, కమిటీ ముందున్న తెర మీద వస్తువును చూసి మెచ్చుకున్నవాళ్ల మాట, దాన్ని వాడినవాళ్ల మాటకు బదులు కాదు. బహుమతులూ కాంట్రాక్టులూ మాత్రం ఎక్కువగా మొదటి మాట మీదే నడుస్తాయి.

రెండు నగరాలు, రెండు పటాలు

ఒకే ఆలోచన ఒకచోట నిలిచి మరోచోట ఎందుకు ఓడిపోతుందో చూడాలంటే భూగర్భ రైళ్ల పటాలకు మించిన ఉదాహరణ లేదు. లండన్‌లో సిగ్నల్స్ విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన హ్యారీ బెక్ 1931లో ఒక పటం గీశాడు. దూరాలు, వంకరలు వదిలేశాడు. గీతలన్నీ అడ్డం, నిలువు, ఏటవాలు మాత్రమే. కిక్కిరిసిన నగరం నడుమ స్టేషన్లను ఎడంగా జరిపి, శివార్ల స్టేషన్లను దగ్గరికి లాగాడు. భౌగోళికంగా అది అబద్ధమని అధికారులు మొదట తిప్పికొట్టారు. 1933 జనవరిలో అచ్చువేసి పంచాక జనం వెంటనే అందుకున్నారు. భూమి కింద రైల్లో కూర్చున్న మనిషికి కావాల్సింది ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి అన్నవే. బెక్ ఆ మూడింటికే జవాబిచ్చాడు.

ఆయన వదలని భౌగోళిక గుర్తు ఒక్కటే, థేమ్స్ నది. 2009లో పటాన్ని ఇంకా శుభ్రం చేద్దామని ఆ నదిని కూడా తీసేశారు. లండన్‌వాసులు గగ్గోలు పెట్టారు. తమకు కావాల్సిన స్టేషన్ నదికి ఇవతల ఉందో అవతల ఉందో తెలియకుండా పోయింది. అదే ఏడాది నది తిరిగొచ్చింది. ఒక్క నీలిగీత మోస్తున్న సమాచారం ఎంతో, అది పోయాకే తెలిసింది.

న్యూయార్క్‌లో 1972లో మిలాన్ నుంచి వచ్చిన డిజైనర్ మాసిమో విన్యెల్లి ఇలాంటి పటమే గీశాడు. ఒక్కో మార్గానికి ఒక్కో రంగు, ఒక్కో స్టేషన్‌కు ఒక్కో చుక్క, 45, 90 డిగ్రీల మలుపులు తప్ప మరేమీ లేవు. చూడటానికి అది అద్భుతం, మ్యూజియంలోకి చేరింది కూడా. ప్రయాణికులు మాత్రం కోప్పడ్డారు. సుమారు 4 కిలోమీటర్ల పొడవు, 0.8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న సెంట్రల్ పార్కు ఆ పటంలో దాదాపు చదరంగా, బూడిదరంగులో ఉంది. నీళ్లు గోధుమరంగులో ఉన్నాయి. పటం నమ్మి పార్కు ఒక చివర దిగినవాడికి రెండో చివర చాలా దగ్గరన్న భ్రమ కలుగుతుంది. 1979లో దాన్ని తీసేసి, జాన్ టోరనాక్ నాయకత్వంలోని కమిటీ, మైకేల్ హెర్ట్స్ సంస్థ కలిసి తయారుచేసిన భౌగోళిక పటాన్ని పెట్టారు.

లండన్‌లో నెగ్గింది న్యూయార్క్‌లో ఎందుకు ఓడింది? లండన్ వీధులు చిక్కుబడిన దారాల్లాంటివి. పైనున్న దారికీ కిందున్న రైలుకూ పొంతన ఉండాలని అక్కడివాళ్లు ఎప్పుడూ ఆశించలేదు. మన్‌హటన్‌లో వీధులకు అంకెలున్నాయి. ఏ వీధి ఏ అవెన్యూని ఎక్కడ దాటుతుందో అక్కడి పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన ఊరిని పటం తప్పుగా చూపిస్తే మిగతా పటాన్ని కూడా మనిషి నమ్మడు. విన్యెల్లి వైపు నుంచి ఒక న్యాయమైన మాట ఉంది: తన రేఖాపటానికి తోడుగా నగరం పటం, చుట్టుపక్కల వీధుల పటం కూడా స్టేషన్లలో ఉండాలన్నది ఆయన ఆలోచన. జనం చేతికి వచ్చింది మాత్రం రేఖాపటం ఒక్కటే. 2025 ఏప్రిల్‌లో న్యూయార్క్ రవాణా సంస్థ విన్యెల్లి పద్ధతిని గుర్తుచేసే కొత్త రేఖాపటాన్ని ప్రవేశపెట్టింది. ఈలోగా మారింది పటం కాదు, ప్రయాణికుడి జేబు. వీధుల పటం ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉంది కాబట్టి, స్టేషన్ గోడ మీది పటం రైలు గురించి మాత్రమే చెబితే చాలు. అదే రూపం ఒక కాలంలో ఇబ్బంది పెట్టి, మరో కాలంలో సాయం చేస్తోంది.

గాజు మెట్ల వంతెన

వెనిస్‌లో గ్రాండ్ కాలువ మీద నాలుగో వంతెన 2008లో తెరుచుకుంది. బస్సులు ఆగే పియాజ్జాలే రోమా నుంచి శాంటా లుచియా రైల్వేస్టేషన్‌కు నడిచిపోయే దారి అది. స్పెయిన్ వాస్తుశిల్పి సాంటియాగో కలట్రావా గీసిన ఆ వంపు కళ్లు చెదిరేటంత అందమైనదన్న మాటలో అతిశయోక్తి లేదు. నడిచేచోట గాజుపలకలు వేశారు. మెట్ల దూరం ఒకచోట ఉన్నట్టు మరోచోట ఉండదు.

ఆ దారిలో నడిచేది ఎవరు? పెట్టెలు ఈడ్చుకుంటూ రైలుకు ఆలస్యమవుతోందని పరుగెత్తేవాళ్లు, చుట్టూ చూస్తూ కాలికింద చూడని యాత్రికులు. ఆ ఊళ్లో వాన, మంచు, పొగమంచు మామూలే. తడిసిన గాజు మీద చాలామంది జారిపడ్డారు, గాయపడ్డారు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి దారే లేదు. ఆ లోటు తీర్చడానికి తరువాత వంతెన పక్కన గుడ్డు ఆకారపు గదిని ఊచల మీద నడిపారు. అది మెల్లగా కదిలేది, ఎండకు లోపల ఉడికిపోయేది. చివరికి 2020లో తీసేశారు. అంచనా ఖర్చులు పెరగడం, మెట్ల అరుగుదల ముందుగా ఊహించకపోవడం మీద 2019లో ఇటలీ ఆడిట్ న్యాయస్థానం కలట్రావాను 78,000 యూరోలు కట్టమంది. గాజు తీసి ట్రాకైట్ రాయి పరవాలని 2022లో నగరపాలక సంస్థ నిర్ణయించింది. వెనిస్ వీధుల్లో వందల ఏళ్లుగా పరిచిన రాయి అదే.

ఆయనే స్పెయిన్‌లోని బిల్బావోలో 1997లో కట్టిన జుబిజురి కాలివంతెన మీద కూడా గాజుపలకలే వేశారు. అక్కడా జనం జారిపడ్డారు. గాజు మీద నల్లటి చాప పరవాల్సి వచ్చింది. బిల్బావో వంతెన నేర్పిన పాఠం వెనిస్ వంతెనకు చేరలేదన్నది ఇందులో క్షమించలేని విషయం. కొత్త రూపం కోసం ప్రయత్నించి తప్పటడుగు వేయడం వేరు, తెలిసిన తప్పును మరో ఊరి జనం కాళ్ల కింద మళ్లీ పరవడం వేరు.

తెర మీద బొత్తాం

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బీ-17 బాంబర్లు దిగిన తరువాత నేల మీదే చక్రాలు ముడుచుకుని చతికిలబడుతుండేవి. నడిపినవాళ్లది తప్పన్నారు. ఆల్ఫోన్స్ చాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే, రెక్కల ఫ్లాపుల మీట, చక్రాల మీట పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. అలసిన పైలట్ ఒకటి అనుకుని ఇంకొకటి లాగుతున్నాడు. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు కోణంగా ఉన్న ముక్క తగిలించడంతో ఆ తప్పులు ఆగాయి. ఈనాటికీ విమానాల్లో చక్రాల మీట కొస చక్రంలాగే ఉంటుంది. నిబంధనే అది.

చేతికి చెప్పే ఈ భాషను ఇటీవలి కార్లు చెరిపేశాయి. డాష్‌బోర్డు మీద బొత్తాలు పోయి పెద్ద తెర ఒక్కటి మిగిలింది. షోరూములో చూస్తే అది విశాలంగా, ఆధునికంగా ఉంటుంది. బొత్తాల కంటే తెర మీద మార్పులు చేయడం కంపెనీకీ తేలిక. 2022లో స్వీడన్ పత్రిక వీ బీలేగరే గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కార్లలో నాలుగు మామూలు పనులకు ఎంతసేపు పడుతుందో కొలిచింది. బొత్తాలున్న 2005 నాటి వోల్వో వీ70లో 10 సెకన్లు చాలాయి. కొత్త ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.9 సెకన్లు పట్టాయి. ఆ సమయంలో కారు 1,372 మీటర్లు వెళ్లిపోయింది. కిలోమీటరు పైచిలుకు దూరం డ్రైవరు చూపు రోడ్డుకూ తెరకూ మధ్య ఊగుతూనే ఉంది.

నావికాదళంలో ఇలాంటి తెరలకు ప్రాణాలే బలయ్యాయి. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకరును ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. శిక్షణ చాలకపోవడంతో పాటు, నౌకను నడిపే టచ్‌స్క్రీన్ వ్యవస్థ గజిబిజిగా ఉండటం కూడా కారణమని విచారణలో తేలింది. చేతితో పట్టుకుని తోసే మీటలనే మళ్లీ పెడతామని 2019లో నావికాదళం ప్రకటించింది. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఇండికేటర్లు, హారన్, వైపర్లు, ప్రమాద హెచ్చరిక దీపాలు, అత్యవసర పిలుపు వంటి వాటికి విడి మీటలో బొత్తాలో ఉండాలని చూస్తోంది. లేకపోతే పూర్తి మార్కులు రావు.

ఓటు పడే చోటు

2000 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రం పామ్ బీచ్ కౌంటీలో వాడిన బ్యాలెట్ సదుద్దేశంతోనే తయారైంది. ముసలివాళ్లకు అక్షరాలు పెద్దగా కనిపించాలని పేర్లను ఎదురెదురు పేజీల్లో వేసి, పొడవాల్సిన రంధ్రాలను మధ్యలో ఒకే వరుసలో పెట్టారు. ఎడమ పేజీలో బుష్ తరువాత అల్ గోర్ పేరు. కానీ రెండో రంధ్రం కుడి పేజీలోని పాట్ బుకానన్‌ది, గోర్‌ది మూడోది. బుకానన్‌కు ఆ ఒక్క కౌంటీలో 3,407 ఓట్లు వచ్చాయి. రెండేసి రంధ్రాలు పొడిచి చెల్లకుండా పోయిన ఓట్లు 19,000 దాటాయి. ఫ్లోరిడాలో బుష్ గెలిచింది 537 ఓట్ల తేడాతో. పెద్ద అక్షరాలు చదవడానికి బాగానే ఉన్నాయి. చదివిన పేరుకూ పొడిచే రంధ్రానికీ మధ్య లంకె తెగిపోయింది.

మన ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రంలో ఆ లంకె తెగే అవకాశమే లేదు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తయారుచేస్తున్నాయి. ఐఐటీ బాంబే డిజైన్ కేంద్రం ఆచార్యులు ఏ.జి. రావు, రవి పూవయ్య దాని రూపకల్పనలో పనిచేశారు. ఒక్కో యూనిట్‌పై 16 వరుసలు. ప్రతి వరుసలో అంకె, పేరు, ఫొటో, గుర్తు, వాటి పక్కనే అదే వరుసలో నీలిరంగు బొత్తాం. నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, పెద్దగా కూత వినిపిస్తుంది. చూపులేనివారి కోసం బొత్తాం పక్కన బ్రెయిలీ అంకె ఉంటుంది. చదువురానివారి కోసం గుర్తు ఉండనే ఉంది. 1951–52 తొలి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించిన నాటి నుంచీ వస్తున్న ఏర్పాటు అది. ఈ యంత్రానికి ఏ సౌందర్య బహుమతీ రాకపోవచ్చు. కానీ జీవితంలో ఏ యంత్రం బొత్తామూ నొక్కి ఎరగని మనిషి కూడా తడబడకుండా నొక్కి బయటికి వస్తాడు. ఇంత స్పష్టతను అందం అనడానికి వెనకాడనక్కర్లేదు.

దానికి అసలు పరీక్ష 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్‌లో ఎదురైంది. పసుపు, ఎర్రజొన్న ధరల కోసం రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేయడంతో లోక్‌సభ బరిలో 185 మంది నిలిచారు. నోటాతో కలిపి 186 వరుసలు. ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లను కలిపి అమర్చాల్సి వచ్చింది. తమ అభ్యర్థిని వెతుక్కోవడం ఓటర్లకు శ్రమే అయింది. అయినా వరుసకూ బొత్తానికీ ఉన్న సంబంధం మొదటి యూనిట్లో ఎలా ఉందో పన్నెండో యూనిట్లోనూ అలాగే ఉంది. రెండు యూనిట్లకు పనిచేసిన ఏర్పాటు పన్నెండుకూ పనిచేసింది.

తెలుగు తెరలు

ఇప్పుడు తెలుగువాళ్లు ఎక్కువగా వాడే వస్తువు ఫోన్ తెర. కరెంటు బిల్లు, భూమి రికార్డు, పింఛను, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ అన్నీ దానిమీదికే వచ్చాయి. ఈ తెరల్లో చాలావాటిని ముందు ఇంగ్లీషు అక్షరాలకు కొలతలు తీసి గీసి, తరువాత తెలుగును అందులో కుక్కుతారు. తెలుగు అక్షరం పైకీ కిందికీ విస్తరిస్తుంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద టకారపు ఒత్తు, దాన్ని చుట్టుకుని రకారపు ఒత్తు ఉంటాయి. ‘స్త్రీ’లో పైన దీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఇంగ్లీషు ఎత్తుకు కోసిన బొత్తాంలో ఈ ఒత్తులు సగానికి తెగిపోతాయి, లేదా కింది వరుస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి.

సన్నటి గీతల ఫ్యాషన్ ఇంకో చిక్కు తెచ్చింది. లేతబూడిద రంగులో, పలుచని అక్షరాలు తెల్లటి తెర మీద హుందాగా కనిపిస్తాయి. తెలుగులో బకు, భకు తేడా పైన తలకట్టు, అడుగున ఒక చిన్న గీత. దకు, ధకు తేడా ఆ గీత ఒక్కటే. పకు, షకు మధ్య తేడా ఒక చిన్న మెలిక. గీత పలచబడి, రంగు లేతబడితే ముందు మాయమయ్యేవి ఇవే. ఎండలో నిలబడి చవక ఫోన్ పట్టుకున్న అరవయ్యేళ్ల మనిషికి అవి అసలు కనబడవు. మామూలు సైజు అక్షరానికీ వెనకరంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ సౌలభ్యానికి సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. తెలుగుకు అది కనీసమే, ఇంకా ఎక్కువే కావాలి.

తెలుగులో యాప్ చేసేవారు, ప్రభుత్వ ఫారాలు గీసేవారు, మందుపెట్టె మీద వివరాలు అచ్చువేసేవారు రెండు పనులు చేయాలి. మొదట ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘భర్త’, ‘ధాన్యం’ అనే మాటలను తమ తెర మీద అతి చిన్న సైజులో పెట్టి చదివి చూడాలి. ఒక్క ఒత్తు తెగినా కొలతలు మార్చాలి. తరువాత దాన్ని నిజంగా వాడబోయేవాళ్లలో అయిదుగురికి ఇవ్వాలి. పెద్ద లోపాలు బయటపడటానికి అయిదుగురు చాలని వాడుక పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. వాళ్లు తడబడుతున్నప్పుడు వేలు పెట్టి చూపించకుండా, నోరు విప్పకుండా పక్కన కూర్చుని, ఎక్కడెక్కడ ఆగారో రాసుకోవాలి. దీనికి ఖర్చు ఒక పూట. ఆ పూట గడపకుండా ఏ తెలుగు తెరనూ జనంలోకి వదలొద్దు.